పన్నెండుతో హెచ్చవేసిన కేసు

మా ఆఫీసు కంప్యూటరు మీద కేసు పెట్టినవారు మా ఆఫీసరుగారే. దాని తరఫున సంజాయిషీ రాసుకున్నవారూ ఆయనే. ఆ సంజాయిషీ తృప్తికరంగా లేదని తిరగ్గొట్టినవారూ ఆయనే. ఇందులో ఆయన్ని అనాల్సింది ఏమీ లేదు. నిబంధనలు అలా ఉన్నాయి. ఆ మూడు కాగితాలకూ మూడు వేర్వేరు నంబర్లు వేసిన సీనియర్ అసిస్టెంటుని నేనే కనక ఈ కథ చెప్పే అర్హత నాకుందనుకుంటాను.

మాది కొలమానాల పరిరక్షణ మండలి, గోగుపేట శాఖ. ఆ పేరు బోర్డు మీద తప్ప ఎవరి నోటా వినపడదు. జనం కాటాల ఆఫీసంటారు. ఊళ్లో కొట్లవాళ్లూ, బళ్లమీద అమ్ముకునేవాళ్లూ ఏడాదికోసారి తమ కాటాలూ తూకపురాళ్లూ మా దగ్గరికి తేవాలి. మేం సరిచూస్తాం. తేడా లేకపోతే, సర్దుబాటు చేసే చోట ఉన్న చిన్న గుంటలో మా సింహాచలం సీసం పోసి, దాని మీద సుత్తితో ఈ ఏటి ముద్ర కొడతాడు. ఆనక మేం ధ్రువపత్రం ఇస్తాం. అది లేకుండా గోగుపేటలో ఎవరూ చింతపండు కూడా తుయ్యకూడదు.

సింహాచలం ముప్పై ఆరేళ్లుగా ముద్రలు కొడుతున్నాడు. రెండే దెబ్బలు. మూడోది కొట్టిన రోజు లేదు. మా ఆఫీసులో గురి తప్పనిది ఏదన్నా ఉందంటే అది ఆ సుత్తి ఒక్కటే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక కంప్యూటరు. నేను ఈ ఊరికి బదిలీ మీద రాకముందే వచ్చింది. బల్ల కింద ఇనప్పెట్టెలా కూర్చుని ఉంటుంది. ముందువైపు చిన్న చీటీ, దాని మీద 1.8 అని అచ్చు. దాని వేగం అదట. ప్రధాన కార్యాలయం వారు కొత్త ప్రోగ్రాం ఒకటి పంపి, ఇకమీదట ధ్రువపత్రాలన్నీ అందులోనే తయారవ్వాలన్నారు. మా కంప్యూటరు మీద ఒక పత్రం తయారు కావడానికి నలభై ఎనిమిది నిమిషాలు పట్టేది. ఆ ప్రోగ్రామేమో భద్రత కోసమని నలభై అయిదో నిమిషంలో "మీ సమయం ముగిసినది, ధన్యవాదములు" అని తనంతట తనే మూసుకుపోయేది. పదకొండు పనిదినాల పాటు మేం రోజుకు ఎనిమిదిసార్లు ధన్యవాదాలు అందుకున్నాం. పత్రం మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు.

చేత్తో రాసివ్వచ్చు కదా అని మీరు అడగచ్చు. అందరూ అడిగారు. మా ముప్పై ఒకటో నిబంధన ప్రకారం ఆఫీసులో పనిచేసే కంప్యూటరు లేనప్పుడే చేత్తో రాయాలి. మాకు ఉంది. వెలుగుతుంది, గుర్రుమంటుంది, ధన్యవాదాలు కూడా చెబుతుంది. అలాంటిదాన్ని పట్టుకుని పనిచెయ్యడం లేదని ఎలా రాస్తాం?

ఇలా ఉండగా సోమవారం నాడు నూకరత్నం కాటా నెత్తిన పెట్టుకుని వచ్చింది.

నూకరత్నం చేపలమ్ముతుంది. బజారు పాకలో గుమ్మం పక్క చోటు ఆమెది. పదకొండేళ్లుగా అక్కడే కూర్చుంటోంది. ఆమె పాత పత్రం గడువు మొన్న శనివారంతో అయిపోయింది. బజారు కమిటీకి ఒక కట్టుబాటుంది. పత్రం ఉన్న కాటా లేకుండా ఏడు రోజులు గడిస్తే ఆ చోటు ఖాళీ అయినట్టే లెక్క. తర్వాత ముందెవరు బుట్ట పెడితే వాళ్లది. అంటే వచ్చే శనివారం సాయంత్రం ఆరింటి దాకా ఆమెకి గడువు. ఆమె తోటికోడలు పైడితల్లి ఎండుచేపలమ్ముతుంది. ఆ గుమ్మం పక్క చోటు మీద దానికి ఎప్పట్నించో కన్ను.

"మూడు మూరల దూరంలో బుట్టెట్టుకుని కూకుంది బాబూ," అంది నూకరత్నం నాతో. "నా కాయితం ఇచ్చీయండి, ఎలిపోతాను."

కాటా సరిచూశాం. గింజ తేడా లేదు. సింహాచలం రెండు దెబ్బలు కొట్టాడు. ఆమె కాటా నా బల్ల మీద పెట్టి, పత్రం కోసం బెంచీ మీద కూర్చుంది. ఆ రోజు కూడా ఎనిమిదిసార్లు ధన్యవాదాలు వచ్చాయి.

మంగళవారం పొద్దున్న మా డేటా ఎంట్రీ ఆపరేటరు సువార్త నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఆచారి గారూ, దీన్ని కొంచెం తొందర పెట్టచ్చండి," అంది.

"తిడితేనా?"

"కాదండి. లోపల గడియారం లాంటిది ఒకటుంటుంది. సెకనుకి ఇరవై కోట్లసార్లు కొట్టుకుంటుంది. ప్రాసెసరు దాన్ని తొమ్మిదితో హెచ్చవేసుకుని నూట ఎనభై కోట్ల వేగంతో పనిచేస్తుంది. చీటీ మీద 1.8 అన్నది అదే. ఆ తొమ్మిదిని పన్నెండు చేశామనుకోండి, రెండువందల నలభై కోట్లవుతుంది. పత్రం ముప్పై ఆరు నిమిషాల్లో వచ్చేస్తుంది."

"మార్చనిస్తుందా?"

"చాలావాటికి తాళం వేసి పంపుతారండి. ఇది పాతది. దీనికి తాళం లేదు. కాస్త వేడెక్కుతుంది, పక్క మూత తీసి బల్ల ఫ్యాను పెడతాను."

నేను బెంచీ వైపు చూశాను. నూకరత్నం చెంగుతో మొహం తుడుచుకుంటూ గోడ గడియారం చూస్తోంది. కానివ్వమ్మా అన్నాను. నోటిమాటగానే అన్నాను, కాగితం మీద పెట్టలేదు. పాతికేళ్ల సర్వీసులో ఆ మాత్రం జాగ్రత్త వంటబట్టింది.

సువార్త కంప్యూటరు ఆపి, మళ్లీ వెలిగిస్తూ ఒక మీట నొక్కిపట్టింది. నీలం తెర వచ్చింది. అందులో ఒక వరసలో తొమ్మిది ఉంది. పన్నెండు చేసింది. అంతే పని. పదిన్నరకి మొదలుపెడితే పదకొండూ ఆరుకి మొదటి పత్రం వెచ్చగా బయటికొచ్చింది. సింహాచలం దాన్ని రెండు చేతులతో పట్టుకుని అందరికీ చూపించాడు. భోజనాల గంట పోను, మూడున్నర అయ్యేసరికి ఆరుగురు పత్రాలు పట్టుకుని వెళ్లిపోయారు. ఏడోది నూకరత్నానిది.

ఆరు పత్రాలు సంతకానికి వెళ్లేసరికి మా ఆఫీసరు కోదండపాణిగారికి అనుమానం వచ్చింది. ఆయన మామూలుగానే అచ్చు పుస్తకంలా మాట్లాడతారు. కలవరపడితే ఇంకా పాత పుస్తకంలా మాట్లాడతారు. తూకపురాళ్ల మీద అంకెలు చదివే భూతద్దం పట్టుకుని వచ్చి, బల్ల కిందకి వంగి, చీటీ చూశారు. తర్వాత తెర చూశారు. సువార్త ప్రాసెసరు వేగం ఎంత ఉందో చూసుకోడానికని ఒక మూల చిన్న గడి తెరిచి పెట్టుకుంది. అందులో 2.4 అని ఉంది.

"ఆచారి గారూ, ఇది ఏమి?"

"కంప్యూటరండి."

"చీటీపై ఒకటి పాయింట్ ఎనిమిది. తెరపై రెండు పాయింట్ నాలుగు. మూడవ వంతు హెచ్చు! కిలో అని చెక్కబడిన రాయి కిలో మూడువందల ముప్పదిమూడు గ్రాములు తూగినచో మనమేమి చేయుదుము?"

"పట్టుకుంటామండి."

"సార్, ఇది ఎక్కువే కదండీ, తక్కువ కాదుగా," అంది సువార్త.

"తక్కువ తూచువాడు ఎదుటివానిని మోసగించును. ఎక్కువ తూచువాడు తన్ను తాను మోసగించుకొనును. మండలికి ఇరువురూ సమానమే." అలా అంటూనే ఆయన గోడకున్న ప్లగ్గు పీకేశారు.

ప్రింటరు మధ్యలో ఆగిపోయింది. కాగితం సగం బయటికొచ్చి ఉంది. "శ్రీమతి నూకరత్నం గారి కాటా సరిగా" అన్నంత వరకు అచ్చయింది. ఉన్నదో లేదో చెప్పే మాట లోపలే ఉండిపోయింది.

"అయిదు నిమిషాల్లో మళ్లీ తొమ్మిదికి మార్చేస్తానండి," అని సువార్త బతిమాలింది.

"సాక్ష్యమును తారుమారు చేయుట మరియొక నేరము."

"పోనీ, ఆమెది ఒక్కటీ చేత్తో రాసిచ్చేద్దామండి," అన్నాను నేను.

"కంప్యూటరు పనిచేయనిచో వ్రాయవచ్చును. ఇది పనిచేయుచున్నది. చేయవలసిన దానికన్న ఎక్కువ పనిచేయుచున్నది. అభియోగమే అది కదా!"

నూకరత్నం లేచి వచ్చి ఆ సగం కాగితం చూసింది. "ఇదిచ్చీయండి బాబూ, మిగతాది సూసినోళ్లే సదూకుంటారు," అంది. ఇవ్వలేదు. ఆ కాగితం కూడా సాక్ష్యమైపోయింది.

బుధవారమంతా స్వాధీన కార్యక్రమం నడిచింది. కంప్యూటరుకి గోనెగుడ్డ చుట్టి, లక్క ముద్రలు వేశాం. పంచనామాకి ఇద్దరు సాక్షులు కావాలి. ఊరంతా వెతకడమెందుకని బెంచీ మీదున్న నూకరత్నం చేత సంతకం పెట్టించారు. రెండో సాక్షి సింహాచలం. తర్వాత ఆ వస్తువు ఎవరి స్వాధీనంలో ఉండగా దొరికిందన్న ప్రశ్న వచ్చింది. కోదండపాణిగారి స్వాధీనంలోనే. ఆయన తనకు తాను నోటీసు రాసుకుని, అది అందుకున్నట్టు నాకు రసీదు రాసిచ్చి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. గంట తర్వాత సంజాయిషీతో బయటికొచ్చారు. మళ్లీ లోపలికి వెళ్లి దాన్ని చదివారు. "సంజాయిషీదారు బాధ్యత నుండి తప్పించుకొను ధోరణి కనబరచుచున్నారు" అని దాని అంచున ఎర్రసిరాతో రాశారు. సాయంత్రానికి ఫైలు ప్రధాన కార్యాలయానికి వెళ్లింది.

"ఇయ్యాల మూర దూరానికొచ్చీసింది," అంది నూకరత్నం వెళ్తూ వెళ్తూ.

కోదండపాణిగారు విని, "మూర ఆమోదిత కొలమానము కాదు," అన్నారు.

"ఆ సంగతి మా తోటికోడలికి సెప్పండి బాబూ."

గురువారం ప్రధాన కార్యాలయం నుంచి సాంకేతిక సలహాదారు డాక్టర్ వటపత్రశాయిగారు దిగారు. ఆయన డాక్టరేటు కుంచాల మీద. ధాన్యం కొలిచే కుంచం నిండుగా ఉన్నదా, తలగొట్టి ఉన్నదా అన్న విషయం మీద ఆరువందల పేజీలు రాసిన మనిషి. వచ్చీ రాగానే కాళ్లు చాపుకుని, కాఫీ తాగి, అసలు ప్రశ్న అడిగారు.

"ఈ వేగమనునది ఏ విధముగా కొలవబడును? తూకముననా, పొడవుననా, పరిమాణముననా?"

ఎవరికీ తెలియలేదు. మా చట్టంలో ఆ మూడే ఉన్నాయి. తూకంతో మొదలుపెడదామన్నారు. గోనె విప్పించి, మా పెద్ద కాటా మీద కంప్యూటరు పెట్టించి, తీగలు తగిలించి, సువార్త చేత ముందు తొమ్మిది పెట్టించారు. పదకొండు కిలోల రెండువందల నలభై గ్రాములు తూగింది. తర్వాత పన్నెండు పెట్టించారు. పదకొండు కిలోల రెండువందల నలభై ఆరు!

కోదండపాణిగారి కళ్లు చెమర్చాయి. "ఆరు గ్రాములు! తెరపై హెచ్చు సున్నా పాయింట్ ఆరు! లెక్క ఎట్లు కలిసినదో చూచితిరా!" సలహాదారుగారు లేచి ఆయనతో చెయ్యి కలిపారు. నాకు కూడా ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు. సరిచూసుకోడానికి మూడోసారి తూస్తుండగా, వెచ్చదనానికి లోపల చేరిన బల్లి ఒకటి బయటికొచ్చి గోడెక్కింది. కాటా మళ్లీ రెండువందల నలభై చూపించింది. బల్లిని పట్టుకుని విడిగా తూద్దామని సలహాదారుగారు అన్నారుగాని అది దొరకలేదు.

ఆనక పొడవు చూశారు. మార్పు లేదు. పరిమాణం సంగతి చూడ్డానికి కంప్యూటరుని నీళ్లలో ముంచుదామన్నారు. సువార్త దానికి అడ్డం పడుకున్నంత పని చేసింది. దాంతో వేగాన్ని లెక్కపెట్టి కొలిచే వస్తువుల్లో, అంటే గుడ్లూ అరటికాయల్లో కలపాలని తీర్మానించి ఆ రోజుకి ముగించారు.

శుక్రవారం లెక్కింపు. నిబంధన ప్రకారం లెక్కించే వస్తువుని ఉద్యోగి కంటితో చూసి, నోటితో పైకి అంటూ, విడివిడిగా లెక్కపెట్టాలి. సింహాచలాన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. అతను చెవి ఆనించి విని, "ఒకటే గుర్రు తప్ప దెబ్బలు ఇనపడ్డం నేదండి," అన్నాడు.

సువార్త కాగితం తీసి లెక్కవేసింది. "సార్, ఇది ఒక్క సెకనులో రెండువందల నలభై కోట్లండి. మనిషి సెకనుకి రెండు చొప్పున లెక్కపెట్టినా, ఆ ఒక్క సెకను లెక్క తేలడానికి ముప్పై ఎనిమిదేళ్లు పడుతుంది. అన్నం, నిద్ర లేకుండా."

ఆ మాటకి ఆ ఇద్దరూ బెదిరిపోతారనుకుంది పాపం. వటపత్రశాయిగారు ఒక్క క్షణం ఆలోచించి, "సింహాచలమునకు సర్వీసు ఎంత మిగిలియున్నది?" అన్నారు. రెండేళ్లన్నాను. "అట్లయిన పందొమ్మిది మందిని నియమింతము. రెండేండ్లలో ముగియును. ఇతని చేతిమీదుగనే పూర్తి యగును," అన్నారు. పందొమ్మిది లెక్కింపు సహాయకుల పోస్టులకి అప్పటికప్పుడు నేనే ప్రతిపాదన టైపు చేశాను. ప్రధాన కార్యాలయం గంటలో జవాబిచ్చింది. అంత తొందరగా వాళ్లు జవాబివ్వడం నేనెరుగను. పందొమ్మిది మందీ కలిసి లెక్కపెడతారా, వంతులవారీగా లెక్కపెడతారా, స్పష్టం చేయమన్నారు.

అప్పుడు నూకరత్నానికి ఒళ్లు మండింది. ఆ అయిదు రోజులూ ఆమె కోపం చూడలేదు నేను. లేచి సరాసరి సలహాదారుగారి బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నాకో సంగతి సెప్పండి బాబూ. రాసిందొకటీ ఉన్నదొకటీ అయితే తప్పేగదా?"

"నిస్సందేహముగా."

"గుమ్మం కాడ బోర్డు మీద పదిగంటలకి ఆపీసని రాసుంది. ఈ బాబుగారు రోజూ పదకొండుంపావుకొత్తారు. అయిదు రోజుల్నించి కూకుని సూత్తన్నాను. మరి ఈ బాబుగారికి గోనిగుడ్డ సుట్టరేటి?"

వటపత్రశాయిగారు మెల్లగా డైరీ తెరిచారు. కళ్లజోడు సవరించుకుని, పైకి చదువుతూ రాసుకున్నారు. "వ్యత్యాసము, ఒక గంట పదునైదు నిమిషములు. తరుగు. పరిశీలించవలసియున్నది." కోదండపాణిగారు మంచినీళ్లు అడిగారు.

ఆమె నా వైపు తిరిగి, "జానెడు దూరంలో ఉంది బాబూ బుట్ట," అని మాత్రం అంది. ఆ గొంతులో కోపం పోయింది. పదకొండేళ్లు కూర్చున్న చోటు పోతోందని ఆమెకి అప్పుడే నమ్మకం కుదిరినట్టుంది. నాకు సిగ్గేసింది. నా జేబులో కలం ఉంది, సొరుగులో తెల్ల పత్రాలున్నాయి, బల్ల మీద గింజ తేడా లేని ఆమె కాటా ఉంది. నాలుగు నిమిషాల పని. అయినా నేను కూర్చునే ఉన్నాను, ముప్పై ఒకటో నిబంధన కాపలాగా.

శనివారం కోదండపాణిగారు సరిగ్గా పదింటికి వచ్చారు. ఆ వేళప్పుడు ఆయన్ని ఎన్నడూ చూడని వాచ్‌మన్ ఎవరు కావాలని అడ్డగించాడు. ఎలాగైనా ఆ రోజే కేసు తేలిపోయి సలహాదారుగారు డైరీతో సహా రైలెక్కాలన్నది ఆయన పట్టుదల. రాత్రంతా చట్టం చదివి వచ్చినట్టున్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పదునాలుగవ సెక్షను!" అన్నారు గుమ్మంలోంచే. "సర్దుబాటుకు వీలుండి తాళము లేని ప్రతి భాగమునకును సీసము పోసి ముద్ర వేయవలెను. ఈ యంత్రమున సర్దుబాటుకు వీలైనది తొమ్మిది. దానికి తాళము లేదు. తొమ్మిది వద్ద నిలిపి ముద్ర వేసినచో ఇక ఎవ్వరును పన్నెండు చేయజాలరు."

సలహాదారుగారు తల పంకించారు. "ఇన్నాళ్లు ఈ సులువు మనకు తట్టలేదు."

"సార్, ఆ తొమ్మిది వస్తువు కాదండి, ఒక అంకె," అంది సువార్త.

"అంకె ఎచ్చటనో ఉండవలెను కదా. ఎచ్చట ఉన్నది?"

సువార్త తప్పు చేసింది. నిజం చెప్పింది. లోపలి పచ్చపలక మీద, ఫ్యాను కింద ఉన్న చదరపు బిళ్ల చూపించి, హెచ్చవేసుకునేది అదేనంది. ఫ్యాను ఊడదీయించారు. అర్థమయ్యేసరికి ఆ పిల్ల మొహం పాలిపోయింది. "వద్దండి! దాని మీద దెబ్బ పడితే చచ్చిపోతుందండి!"

"ముద్ర వలన చచ్చిన తూకపురాయి ఇంతవరకు లేదు," అన్నారు వటపత్రశాయిగారు.

సింహాచలం కుంపటి రాజేశాడు. సీసం కరిగించి బిళ్ల మీద బొట్టు పెట్టాడు. చల్లారేదాకా ఊదాడు. ముద్ర ఉలి నిలబెట్టి, సుత్తెత్తి, కొట్టాడు. ఒకటి. రెండు. గురి తప్పలేదు. ఈ ఏటి ముద్ర అచ్చు గుద్దినట్టు పడింది. కానీ అతను సుత్తి దించి, ఎప్పుడూ లేనిది, ఒకసారి వంగి చూశాడు.

"రాయనుకున్నానండి," అన్నాడు చిన్నగా. "నోపల మెత్తగుంది."

ప్లగ్గు పెట్టారు. వెలగలేదు. గుర్రుమనలేదు. సువార్త మూడుసార్లు మీట నొక్కింది. ధన్యవాదాలు కూడా రాలేదు.

"వేగము ఎంత?" అని అడిగారు కోదండపాణిగారు.

"సున్నా," అంది సువార్త. కళ్లనీళ్లు తుడుచుకుంటోంది.

ఆయన మొహం వెలిగింది. "హెచ్చు పూర్తిగా తొలగినది!" సలహాదారుగారు మాత్రం వేలెత్తారు. "చీటీపై ఒకటి పాయింట్ ఎనిమిది యున్నది. ఇప్పుడు ఇది తరుగు. తరుగు హెచ్చుకన్న తీవ్రమైన నేరము."

మళ్లీ మొదటికొచ్చింది. అప్పటికి సాయంత్రం అయిదున్నర కావస్తోంది. బెంచీ మీద నూకరత్నం చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడ గడియారం వైపు చూడ్డం కూడా మానేసి కూర్చుంది. నాకేం పూనిందో తెలియదు. గబగబా వెళ్లి గోటితో ఆ చీటీ పీకేశాను. జేబులో కలం తీసి, తెల్ల కాగితం ముక్క మీద 0.0 అని రాసి, జిగురు రాసి అదే చోట అంటించాను.

సలహాదారుగారు భూతద్దం పెట్టి చీటీ చూశారు. ఆరిపోయిన తెర చూశారు. "వ్రాసినది సున్నా. ఉన్నది సున్నా," అన్నారు. "ముప్పదేండ్ల సర్వీసులో ఇంతటి సమానత నేను చూచియుండలేదు. పిసరంత భేదము లేదు! దీనికి తక్షణమే ధ్రువపత్రము జారీ చేయుడు."

"ఎందులో చెయ్యమంటారండి?" అన్నాను.

కోదండపాణిగారు నిబంధనల పుస్తకం తిరగేశారు. "పనిచేయు కంప్యూటరు లేదు. ముప్పదియొకటవ నిబంధన వర్తించును. చేతితో వ్రాయుడు."

రాశాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన సంతకం చేశారు, సింహాచలం రబ్బరు ముద్ర వేశాడు, గోగుపేట శాఖలో పదహారు పనిదినాల్లో ఏడో ధ్రువపత్రం ఆ కంప్యూటరు నెత్తి మీద అంటించాం. అది మా అందరికంటే సక్రమమైన వస్తువైపోయింది.

బెంచీ మీంచి నూకరత్నం లేచింది.

"ఆ సచ్చినదానికి నాలుగు నిమిషాల్లో కాయితం రాసిచ్చీసినారు. నా కాటా బతికే ఉంది గదా బాబూ."

కోదండపాణిగారు ఏదో అనబోయారు. ఆయన నోరు తెరిచేలోపల నేను రెండో పత్రం రాయడం మొదలుపెట్టాను. రాస్తూ నిబంధన నంబరు పెద్దక్షరాలతో పైన వేశాను. ఆయన దాన్ని చూసి, తన నోటితో తాను అప్పుడే ఒప్పుకున్న సంగతి గుర్తొచ్చి, సంతకం పెట్టేశారు. ఈసారి "కాటా సరిగా ఉన్నది" అని పూర్తిగా ఉంది. నేను రెండుసార్లు చదివి చూసుకున్నాను.

ఆమె కాటా నెత్తినెత్తుకుని పరిగెత్తింది. ఆఫీసు వేళ అయిపోయింది కనక నేనూ వెనకాలే వెళ్లాను. అవ్వకపోయినా వెళ్లేవాణ్ణే. మేం బజారు పాకలో అడుగు పెట్టేసరికి ఆరింటికి ఇంకా పది నిమిషాలుంది. పైడితల్లి బుట్ట ఆ చోటుకి బెత్తెడు దూరంలో ఉంది. దాని చెయ్యి బుట్ట అంచు మీదే ఉంది. నూకరత్నం కాటా దించి, తన చోట్లో నిలబెట్టి, పత్రం దాని కింద పెట్టి, పక్కనే చతికిలబడింది. రొప్పుతూ రొప్పుతూనే నవ్వింది. పైడితల్లి కాసేపు ఆ కాగితం వంక చూసి, "సేతి రాతేటే ఇది, సెల్లుతుందా?" అంది.

"సెల్లుద్దే. ఆ కంపూటరుకీ ఇదే ఇచ్చినారు," అంది నూకరత్నం.

పైడితల్లి బుట్ట మూడు మూరలు వెనక్కి జరిగింది.

ఆ తర్వాత రెండు నెలలు మా ఆఫీసులో పని చూడాల్సింది. పనిచేసే కంప్యూటరు లేదు కనక సువార్తా నేనూ చెరో కలం పట్టుకుని రోజుకి అరవై పత్రాలు రాసి పారేశాం. పాత బకాయిలన్నీ తీరిపోయాయి. పక్క తాలూకాల వాళ్లు కూడా కాటాలు మోసుకుని మా ఊరొచ్చేవారు. పత్రాల జారీలో గోగుపేట శాఖకి మొదటి స్థానం వచ్చిందని ప్రధాన కార్యాలయం నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. కోదండపాణిగారు దాన్ని పటం కట్టించారు. ఆ ఉత్తరం చివర, ఇంతటి కృషికి గుర్తింపుగా బహుమానం పంపుతున్నామని కూడా ఉంది.

అది నిన్న వచ్చింది. పెద్ద అట్టపెట్టె. కొత్త కంప్యూటరు. పెట్టె మీద 3.6 అని అచ్చు. విప్పే ముహూర్తం రేపు పదింటికి, అంటే పదకొండుంపావుకి, అని కోదండపాణిగారు చెప్పారు. సింహాచలం పొద్దున్నించీ సుత్తికి నూనె రాసుకుంటున్నాడు.

మధ్యాహ్నం చేపల వాసన తగిలి తలెత్తాను. నూకరత్నం కాటా నెత్తిన పెట్టుకుని నా బల్ల ముందు నిలబడి ఉంది. ఇంకా పది నెలలు గడువుంది కదమ్మా, ఎందుకొచ్చావన్నాను.

ఆమె మూలనున్న అట్టపెట్టె వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఒచ్చే ఏటి కాయితం కూడా ఇప్పుడే రాసిచ్చీయండి బాబూ. ఆ పెట్టె ఇప్పకముందే."

ఆమె వెనకాల, వరండా దాటి గేటు దాకా, బజారు బజారంతా కాటాలు పట్టుకుని వరసలో నిలబడి ఉంది. వరస చివర పైడితల్లి కూడా ఉంది. నేను కలం మూత తీశాను.